ఒడ్డు పట్టుకుని పొమ్మనడం పరిష్కారం కాదు

చెరువులో స్పీడ్ బోట్లు మీదిమీదికి వస్తున్నాయని కయాక్ నడిపేవాళ్లో, రోయింగ్ నేర్చుకునే పిల్లలో ఫిర్యాదు చేస్తే దాదాపు ఎప్పుడూ వచ్చే జవాబు ఒకటే: "మీరే కొంచెం ఒడ్డు పట్టుకుని పొండి." వినడానికి పెద్దమనిషి మాటలా ఉంటుంది. హుస్సేన్ సాగర్‌లో మాత్రం ఇది మనిషిని నీళ్లలో పడేసే సలహా. తప్పుకునే బాధ్యత తెడ్డు పట్టినవాళ్ల మీద వేసినంత కాలం మన చెరువులు బాగుపడవు. దూరం పాటించాల్సింది మోటారు ఉన్నవాళ్లు. ఆ దూరం ఎంతో, అక్కడ వేగం ఎంతో డ్రైవర్ మంచితనానికి వదలకుండా నీళ్లలోనే గుర్తులు పెట్టాలి.

ముందు ఒడ్డు సంగతి. మట్టి ఒడ్డు ఏటవాలుగా ఉంటే అల దాని మీదికి ఎక్కి, విరిగి, అక్కడే చచ్చిపోతుంది. ట్యాంక్ బండ్ వైపు ఉన్నది రాతి కట్ట. రాతి కట్టడం ఎంత నిటారుగా ఉంటే అల అంత బలంగా వెనక్కి తిరుగుతుంది. పూర్తిగా నిలువు గోడైతే దాదాపు ఉన్నదున్నట్టు తిరిగొస్తుంది. వచ్చే అల, తిరిగెళ్లే అల కలిసిన చోట నీళ్లు ఒక దిక్కుకు పోవు, నిలువునా లేచి పడుతుంటాయి. గోడ పక్కన ఎత్తు రెట్టింపు దాకా పోతుంది. ఏ వైపు నుంచి వస్తుందో తెలిసిన అలను కయాక్ కాచుకోగలదు, కానీ కింద నుంచి ఇష్టమొచ్చినట్టు ఎగదన్నే నీళ్లను కాచుకోలేదు. పైగా వానాకాలంలో గాలి పడమర, నైరుతి దిక్కుల నుంచి బలంగా వీస్తుంది. సెయిలింగ్ పోటీలు జూలై, ఆగస్టుల్లో పెట్టేది ఆ గాలి కోసమే. అదే గాలి తెడ్డు పడవలను ట్యాంక్ బండ్ వైపుకి నెడుతూ ఉంటుంది. అక్కడ బోల్తా పడిన మనిషిని గాలి తీసుకెళ్లి రాళ్లకే కొడుతుంది. అందుకే అనుభవం ఉన్న శిక్షకులు కట్టకు 20, 30 మీటర్లు ఎడంగా ఉండమంటారు. ఒక పక్క కట్ట, ఇంకో పక్క స్పీడ్ బోటు దారి. మధ్యలో మిగిలే ఆ సన్నటి పట్టీలోకే అందరూ పొమ్మంటున్నది.

ఇక బోటు లేపే అల. ఇక్కడే చాలామంది డ్రైవర్లకు, మంచివాళ్లకు కూడా, అసలు విషయం తెలియదు.

నెమ్మదిగా పోయే బోటు నీళ్లను చీల్చుకుంటూ, తన బరువంత నీటిని పక్కకు నెట్టుకుంటూ పోతుంది. బాగా వేగం అందుకున్న బోటు అడుగు పైకి లేచి నీటి మీద జారుతూ పోతుంది. ఈ రెండింటి మధ్య ఒక దశ ఉంది. ముక్కు పైకి లేస్తుంది, వెనక భాగం నీళ్లలో కూరుకుపోతుంది, ఇంజిన్ గట్టిగా అరుస్తుంది కానీ బోటు అంతగా కదలదు. అన్నిటికన్నా పెద్ద అల లేచేది ఈ మధ్య దశలోనే. ఇది ఎక్కడ మొదలవుతుందో కట్టడానికి తేలిక లెక్క ఒకటుంది: నీటిని తాకే పొడవు మీటర్లలో తీసుకుని, దాని వర్గమూలాన్ని 4.5తో గుణిస్తే గంటకు ఎన్ని కిలోమీటర్లో వస్తుంది. 5 మీటర్ల బోటుకి అది సుమారు 10. అక్కడి నుంచి 20 దాటేదాకా ఆ బోటు తన జన్మలో లేపగల పెద్ద అలలన్నీ లేపుతుంది.

ఇప్పుడు మర్యాద తెలిసిన డ్రైవర్ ఏం చేస్తాడో చూడండి. గంటకు 40 కిలోమీటర్లలో వస్తూ ఎదురుగా కయాక్‌ని చూసి, పాపం అనుకుని థ్రాటిల్ సగం వెనక్కి లాగుతాడు. వేగం 15కి పడుతుంది. తగ్గానని ఆయన సంతృప్తి. కానీ బోటు సరిగ్గా ఆ మధ్య దశలోకి జారింది. జారుతూ పోయినప్పుడు లేచిన అల 15 సెంటీమీటర్లుంటే, ఇప్పుడు లేచేది 30 ఉండొచ్చు. అల బలం ఎత్తు వర్గాన్ని బట్టి పెరుగుతుంది, అంటే ఎత్తు రెండింతలైతే దెబ్బ నాలుగింతలు. సగం తగ్గించడం మర్యాద అనిపించుకోదు. తగ్గిస్తే పూర్తిగా, ముక్కు కిందికి దిగి బోటు చదునుగా నిలబడేదాకా తగ్గించాలి. అదీ కయాక్ పక్కకొచ్చాక కాదు. థ్రాటిల్ లాగిన చోట బోటు వెనకాల ఉన్న సొంత అల ముందుకు తోసుకొస్తుంది కాబట్టి కనీసం 50 మీటర్ల ముందే ఆ పని అయిపోవాలి.

ఇంకో చిక్కు ఏమిటంటే అల వచ్చేసరికి బోటు అక్కడ ఉండదు. 50 మీటర్ల దూరంలో 40 వేగంతో దాటిపోయిన బోటు అల తెడ్డు పడవని చేరడానికి పది, పదిహేను సెకన్లు పడుతుంది. ఆలోగా బోటు వంద మీటర్లు దాటిపోయి ఉంటుంది, డ్రైవర్ ముందుకు చూస్తుంటాడు. వెనక ఎవరు పడ్డారో ఆయనకు తెలియదు. "నేనెవర్నీ ముంచలేదు సార్" అని ఆయన అనేది చాలాసార్లు నిజాయితీగానే అంటాడు.

అల తగిలే ఆ నాలుగైదు సెకన్లను దగ్గరగా చూస్తే విషయం ఇంకా తేటపడుతుంది. మామూలు కయాక్ వెడల్పు 70, 75 సెంటీమీటర్లు. అందులో కూర్చున్న మనిషి కన్ను నీటికి ముప్పావు మీటరు ఎత్తున ఉంటుంది. మొదటి అల పక్క నుంచి వచ్చి కయాక్ ఒక అంచుని లేపుతుంది. కొత్తవాళ్లు సహజంగా చేసేది ఒకటే: తెడ్డు వదిలేసి రెండు అంచులూ పట్టుకుంటారు, నడుము బిగించేస్తారు. నడుము బిగిస్తే పైశరీరం కయాక్‌తోపాటే వాలుతుంది. మొదటి అల దాటుతుండగా కయాక్ అటు వాలి ఉంటుంది, రెండోది సరిగ్గా అప్పుడే లేపుతుంది. పడేది ఎక్కువగా రెండో అలకో మూడో అలకో, మొదటిదానికి కాదు. తెలిసినవాళ్లు అల రాకముందే ముక్కు దానికి ఎదురుగా తిప్పుకుంటారు. తెడ్డు ఆపరు, ఎందుకంటే నీళ్లలో ఉన్న తెడ్డు రెక్కే ఆసరా. నడుము వదులుగా పెట్టి కింద కయాక్‌ని ఊగనిస్తారు. పక్కకు ఒరిగితే తెడ్డు వీపు భాగంతో నీటిని ఒక్కసారి అదుముతారు. ఇదంతా నేర్పించొచ్చు, నేర్పించాలి కూడా. కానీ కోట్‌పల్లి ప్రాజెక్టులోనో దుర్గం చెరువులోనో ఆదివారం గంట సేపటికి అద్దెకు తీసుకున్న కుటుంబానికి ఇది వచ్చి ఉంటుందని ఆశించలేం.

రోయింగ్ పడవల పరిస్థితి ఇంకా నాజూకు. ఒక్కరు నడిపే పోటీ పడవ 8 మీటర్లకు పైగా పొడవు, 14 కిలోల బరువు. నీటి దగ్గర వెడల్పు మూరెడు కూడా ఉండదు. అంచు నీటికి జానెడు ఎత్తు కూడా లేదు కాబట్టి 30 సెంటీమీటర్ల అల లోపలికి వచ్చి కూర్చుంటుంది. పైగా రోయింగ్ చేసేవాళ్లు వెనక్కి తిరిగి కూర్చుంటారు, పోయే దిక్కు వాళ్లకు కనిపించదు. ఎదురొచ్చే బోటును చూడలేని మనిషిని "నువ్వే తప్పుకో" అనడంలో న్యాయం ఎక్కడుంది? చేపలు పట్టేవాళ్ల పుట్టి సంగతి కూడా ఇంతే. గుండ్రంగా ఉంటుంది కాబట్టి దానికి ముక్కూ లేదు, అలకు ఎదురు తిప్పుకునే వీలూ లేదు. వల వేసి ఉన్న మనిషి ఉన్నపళాన కదలలేడు. మన చెరువుల్లో మోటారు రాకముందు నుంచీ ఉన్నది వాళ్లే, ఎవరి చర్చలోనూ వినబడనిదీ వాళ్ల గొంతే.

ఢీకొనే ప్రమాదం దీనికి అదనం. గంటకు 40 అంటే సెకనుకు 11 మీటర్లు. వంద మీటర్ల దూరం తొమ్మిది సెకన్లలో కరిగిపోతుంది. మామూలుగా తెడ్డు వేసే మనిషి ఆ తొమ్మిది సెకన్లలో పోగలిగేది 12, 13 మీటర్లు. ముక్కు తిప్పుకోవడానికే సగం సమయం పోతుంది. లెక్క ఇంత స్పష్టంగా ఉన్నప్పుడు తప్పుకోవడం ఎవరి చేతిలో ఉందో వేరే చెప్పక్కర్లేదు.

డ్రైవర్ చూస్తున్నాడా అన్నది తర్వాతి ప్రశ్న. వేగం అందుకునేటప్పుడు లేచిన ముక్కు ఎదురుగా ఉన్న నీటిని కప్పేస్తుంది. దానికి తోడు ముందు సీట్లో ఫోటో కోసం లేచి నిలబడిన వాళ్లు. సాయంత్రం నెక్లెస్ రోడ్ వైపు తిరిగితే సూర్యుడు నేరుగా కళ్లలో పడతాడు, నీటి మీద మెరుపులో నల్లటి తల ఒకటి ఉందని కనిపెట్టడం కష్టం. అలాంటప్పుడు వేగం తగ్గించాలి, లేదా ముందు చూడటానికి ఇంకో మనిషిని పెట్టుకోవాలి.

చూసినా, చివరి క్షణంలో స్టీరింగ్ తిప్పితే సరిపోదు. కారు ముందు చక్రాలతో తిరుగుతుంది కాబట్టి ముందు భాగం తప్పించామంటే వెనక భాగం దాని వెంటే వస్తుంది. బోటులో తిప్పే బలం వెనక నుంచి వస్తుంది. ముక్కు కుడికి తిరుగుతుంటే వెనక భాగం ఎడమకు ఊగుతుంది. కయాక్‌ని ఎడమ పక్క ఉంచి కుడికి కోసుకుపోదామనుకున్న డ్రైవర్ ప్రొపెల్లర్‌ని సరిగ్గా కయాక్ వైపుకే విసురుతున్నాడు. జెట్ స్కీల్లో మరో ప్రమాదం ఉంది: వెనక నుంచి చిమ్మే నీటి ధారే వాటికి చుక్కాని. భయపడి థ్రాటిల్ వదిలేస్తే ధార ఆగుతుంది, హ్యాండిల్ ఎంత తిప్పినా బండి నేరుగానే పోతుంది. కొత్త మోడళ్లలో దీనికి కొంత మందు పెట్టారు, పాతవాటిలో లేదు. "అన్నా, ఒక కట్ కొట్టన్నా" అని అరిచే కుర్రాళ్లకు ఇవి తెలియకపోవడంలో వింత లేదు. కట్ కొట్టే డ్రైవర్‌కి తెలియాలి.

ప్రొపెల్లర్ గురించి ఒక లెక్క. ఇంజిన్ నిమిషానికి 3000 చుట్లు తిరుగుతుంటే, గేరు సుమారు సగానికి తగ్గించినా ప్రొపెల్లర్ సెకనుకు 25 చుట్లు తిరుగుతుంది. మూడు రెక్కలుంటే సెకనుకు 75 కోతలు. అందుకే నీళ్లలో ఉన్న మనిషి దగ్గరికి పోయేటప్పుడు న్యూట్రల్ చాలదు, ఇంజిన్ ఆపాలి. న్యూట్రల్‌లో ఉందనుకున్న లివర్‌కి మోచెయ్యి తగిలితే చాలు. గాలికి ఎదురుగా నెమ్మదిగా చేరి, మనిషిని డ్రైవర్ కూర్చున్న వైపు, కంటికి కనబడేటట్టు ఉంచుకుని, రెండు మూడు మీటర్ల దూరంలోనే ఇంజిన్ ఆపి తాడు విసరాలి.

స్టీరింగ్ పక్కన ఎర్రటి స్ప్రింగు తాడు ఒకటి ఉంటుంది, కిల్ స్విచ్ తాడు. ఒక కొస స్విచ్‌కి, రెండో కొస డ్రైవర్ మణికట్టుకో లైఫ్ జాకెట్‌కో తగిలించుకోవాలి. డ్రైవర్ ఎగిరి నీళ్లలో పడితే తాడు ఊడి ఇంజిన్ ఆగుతుంది. తగిలించుకోకపోతే ఖాళీ బోటు ఆగదు. ప్రొపెల్లర్ తిరుగుడుకి స్టీరింగ్ దానంతటదే ఒక పక్కకు లాగేసుకుని, పడిన మనిషి చుట్టూనే గుండ్రంగా తిరుగుతుంది. జెట్టీ దగ్గర ఎవరైనా గమనించొచ్చు: ఆ తాడు డ్రైవర్ చేతికి ఉందా, డ్యాష్‌బోర్డు మీద వేలాడుతోందా? ఒక బోటు నిర్వాహకుడి భద్రత గురించి ఏమైనా తెలుసుకోవాలంటే నేనైతే ముందు దాన్నే చూడమంటాను.

నియమాలు లేవా అంటే ఉన్నాయి. సముద్రంలో ఢీకొనకుండా ఉండేందుకు 1972లో కుదిరిన అంతర్జాతీయ నియమాలే ప్రపంచమంతా నీటి మీద నడకకు పునాది. అన్ని వేళలా చుట్టూ గమనించాలి, ఆపుకోగల వేగంలోనే పోవాలి, దాటిపోయేవాడే దాటబడేవాడికి దూరంగా జరగాలి, మోటారు పడవ తెరచాప పడవకి దారివ్వాలి. ఎదురెదురుగా వస్తే ఇద్దరూ తమ కుడికి తిరగాలి. ఇది మన రోడ్డు అలవాటుకి సరిగ్గా వ్యతిరేకం. రోడ్డు మీద ఎడమకు జరిగే చెయ్యి నీటి మీద కూడా కంగారులో ఎడమకే పోతుంది. ఒకడు కుడికి, ఒకడు ఎడమకు తిరిగితే మళ్లీ ఎదురెదురే. బోటు డ్రైవర్ శిక్షణలో ఈ ఒక్క విషయం వొంటబట్టేదాకా నేర్పాలి.

మన దేశంలో 1917 నాటి పాత చట్టం స్థానంలో 2021లో ఇన్‌ల్యాండ్ వెసెల్స్ చట్టం వచ్చింది. నదులూ కాలువలతోపాటు చెరువులూ దాని పరిధిలోకి వస్తాయి. మోటారు పడవలకు రిజిస్ట్రేషన్, సర్వే, నడిపేవాళ్లకు అర్హత, బీమా అన్నీ అందులో ఉన్నాయి. లోటు ఎక్కడుందంటే, ఫలానా చెరువులో ఫలానా గీత దాటాక ఇంత వేగం మించకూడదని గీసి చూపించే దగ్గర.

మన దగ్గర చర్చ కూడా ఎప్పుడూ మునకల చుట్టే తిరుగుతుంది. 2019 సెప్టెంబర్ 15న కచ్చులూరు దగ్గర గోదావరిలో రాయల్ వశిష్ట అనే పర్యాటక బోటు మునిగింది. ఆ తర్వాత అందరం మాట్లాడింది లైఫ్ జాకెట్ల గురించి, ఎక్కువమందిని ఎక్కించడం గురించి, వరదలో అనుమతి గురించి. మాట్లాడాల్సిందే. కానీ మునిగే ప్రమాదం వేరు, ఒక పడవ ఇంకో పడవకి తెచ్చిపెట్టే ప్రమాదం వేరు. 2024 డిసెంబర్ 18న ముంబైలో గేట్‌వే నుంచి ఎలిఫెంటాకి పోతున్న నీల్ కమల్ ఫెర్రీని, ఇంజిన్ పరీక్షలో ఉన్న నౌకాదళ స్పీడ్ బోటు అదుపు తప్పి ఢీకొంది. 15 మంది చనిపోయారు. ఇంజిన్‌ని పరీక్షించే నీళ్లూ, జనం తిరిగే నీళ్లూ ఒకటే కాకూడదన్న పాఠం ఆ ఒక్క ఘటనలోనే ఉంది. మన చెరువుల్లో కూడా రిపేరు చేసిన ఇంజిన్‌ని "ఒక రౌండ్ కొట్టి చూద్దాం" అని జనం మధ్యలోనే తిప్పడం ఆపాలి. తెల్లవారగానే, తెడ్డు పడవలు లేని మూలన, ఇద్దరు మనుషులతో చేయొచ్చు ఆ పని.

మోటారునే తీసేయమని నేననను. సెయిలింగ్ పోటీలో బోల్తా పడిన పిల్లల దగ్గరికి నిమిషంలో చేరేది మోటారు బోటే. రోయింగ్ శిక్షకులు కొన్ని దేశాల్లో కింద రెండు సన్నటి అడుగు భాగాలున్న, అల తక్కువ లేపే బోట్లు వాడతారు. మోటారు పెట్టుకునే అల తక్కువ లేపొచ్చని వాళ్లు రోజూ చూపిస్తున్నారు.

చేయాల్సింది ఏమిటి? న్యూజిలాండ్‌లో ఇంకో పడవకి గానీ నీళ్లలో ఉన్న మనిషికి గానీ 50 మీటర్ల లోపల, ఒడ్డుకి 200 మీటర్ల లోపల 5 నాట్లు, అంటే గంటకు సుమారు 9 కిలోమీటర్లు మించకూడదు. 50 మీటర్ల నియమం మనకూ సరిపోతుంది. వేగం మాత్రం ఇంకా తగ్గించాలని నా అభిప్రాయం. 5 మీటర్ల బోటు 9లో పోతే మధ్య దశ అంచున ఉన్నట్టే. 6 దగ్గర ఆపితే అల నిజంగా అణిగిపోతుంది.

హుస్సేన్ సాగర్‌లో బుద్ధుడి విగ్రహం ఉన్న రాతి దిబ్బ దారుల మధ్యలో ఉంది, దాని వెనక నుంచి ఏం వస్తోందో చివరిదాకా కనబడదు. మోటారు బోట్లన్నీ ఒకే దిక్కున తిరగాలి. కుడి పక్కన ఉండే నియమం ప్రకారం విగ్రహం ఎప్పుడూ డ్రైవర్‌కి ఎడమ చేతి వైపు ఉండాలి. లుంబినీ పార్కు నుంచి బయల్దేరితే ట్యాంక్ బండ్ వైపు నుంచి వెళ్లి, నెక్లెస్ రోడ్ వైపు నుంచి తిరిగి రావాలి. దీనికి పైసా ఖర్చు లేదు, జెట్టీ దగ్గర ఒక బోర్డు చాలు.

శిక్షణ జరిగే వైపు పసుపు బోయల (నీటి మీద తేలే గుర్తుల) వరస కట్టాలి, 50 మీటర్లకు ఒకటి. బోయను కింది బరువుకి కట్టే తాడు నీటి లోతుకి ఒకటిన్నర, రెండు రెట్లు ఉండాలి. బిగుతుగా కడితే నీటిమట్టం పెరిగినప్పుడు బోయ మునుగుతుంది, మరీ వదులైతే గాలికి పక్కకు పోయి గీత వంకరవుతుంది. ఇక్కడ గుర్రపు డెక్క అసలు శత్రువు. గాలికి కదిలే డెక్క తెప్ప బోయకి చుట్టుకుంటే చిన్న బరువుల్ని ఈడ్చుకుపోతుంది. కింద కాంక్రీటు దిమ్మ బరువైనది వేయాలి, వారానికోసారి డెక్క కోసేయాలి. కోసే మనిషిని పెట్టకుండా బోయలు వేస్తే వానాకాలం దాటేసరికి అవి ఎక్కడుంటాయో చెప్పలేం.

తెడ్డు పట్టినవాళ్లకూ పని ఉంది. నల్ల జాకెట్, నల్ల తెడ్డు వద్దు. తెడ్డు రెక్కలు నారింజ రంగో మెరిసే పసుపో అయితే దూరం నుంచి ముందు కనబడేవి అవే, ఎందుకంటే అవి కదులుతుంటాయి. మోటారు దారి దాటాల్సొస్తే ఏటవాలుగా, ఒకరి వెనక ఒకరు సాగదీసుకుంటూ పోకూడదు. దగ్గరగా గుంపుగా చేరి అడ్డంగా, తొందరగా దాటాలి. బోటు చూడలేదనిపిస్తే తెడ్డు నిలువుగా ఎత్తి ఊపాలి, ఈల ఐదుసార్లు పొట్టిగా ఊదాలి. అది "నీ ఉద్దేశం నాకు అర్థం కావడం లేదు, ప్రమాదం" అని చెప్పే అంతర్జాతీయ గుర్తు. చీకటి పడితే చేతిలో తెల్ల టార్చి ఉండాలి. లైఫ్ జాకెట్ వేసుకున్నాక ఇంకొకరు భుజాల దగ్గర పట్టి పైకి లాగి చూడాలి. గడ్డం దాటి చెవుల దాకా వస్తే అది వదులు, నీళ్లలో పడినప్పుడు తల మీంచి ఊడిపోతుంది.

"ఇంత నెమ్మదిగా పోతే టికెట్ కొన్నవాళ్లకు మజా ఏముంటుంది?" అని నిర్వాహకులు అడుగుతారు. చెరువు నడిమధ్యలో, బోయల గీతకు అవతల వేగంగా పోవడానికి చోటుంది. ట్రిప్పు సమయంలో గీత లోపల నెమ్మదిగా నడిచే నిమిషాలను కూడా కలిపి లెక్కకట్టాలి. డ్రైవర్‌కి ఎన్ని ట్రిప్పులు తిప్పితే అంత అని డబ్బు కట్టే పద్ధతి ఎక్కడుంటే అక్కడ దాన్ని మార్చాలి. రోజుకి ఇంత అని ఇస్తే తొందర సగం దానంతటదే పోతుంది.

అమలు ఎలా చూస్తామన్నది చివరి అభ్యంతరం. రాడార్ గన్ అక్కర్లేదు. బోయల మధ్య దూరం 50 మీటర్లు. గంటకు 6 కిలోమీటర్ల వేగంలో ఆ దూరం పోవడానికి 30 సెకన్లు పడుతుంది. ఒడ్డున నిలబడిన ఎవరైనా సరే, బోటు ముక్కు మొదటి బోయను దాటగానే ఫోన్‌లో వీడియో మొదలుపెట్టి రెండో బోయ దాటేదాకా తీయొచ్చు. 30 సెకన్ల కన్నా తక్కువ వస్తే ఆ బోటు నియమం తప్పినట్టే. బోటు పక్కన నంబరు అడుగు ఎత్తున రాయించడం, ఆ వీడియో పంపడానికి ఒక వాట్సాప్ నంబర్ జెట్టీ గోడ మీద పెట్టడం, మూడోసారి తప్పిన బోటును నెల రోజులు ఒడ్డున కట్టేయడం: టికెట్లు అమ్మే ఏ శాఖైనా ఈ మూడూ వచ్చే వానాకాలం లోపు చేయగలదు.